గుండు నడిచెడు బాట

పల్నాటిలో జొన్నచేలు పాలుపట్టెడు దినములలో మంచె మీద నిలుచుండి ఒడిసెల త్రిప్పెడు కుఱ్ఱవానిని ఆ ప్రాంతపు పెద్దలలో చూడనివారు అరుదు. ఆ కుఱ్ఱవాడు చిలుకలు వ్రాలిన వెన్నుల వైపు సూటిగా రాయి విసరడు. దగ్గరి చాళ్ళకైనచో కొంచెము పైకి, చేని ఆవలి గట్టుకైనచో తాటితల యెత్తునకు విసరును. పడమటి గాలి వీచుచున్నచో గుంపునకు కొంత పడమరగా విసరును. రాయి ఆకసమున వంపు తిరిగి సరిగా గుంపు నడుమ పడును. ఈ లెక్క వానికి ఎవరు నేర్పిరి? తప్పిపోయిన రాళ్ళే నేర్పినవి. వాడు వేయి రాళ్ళు విసరినాడు, వేయింటిని కన్నులతో వెంబడించినాడు.

ఈ సంగతి ఇప్పుడేల యని శ్రోతలు అడుగవచ్చును. దూరపు గురి నేడు ప్రపంచమున ఒక గొప్ప క్రీడయైనది. 1000 గజముల దూరమున నిలిపిన కాగితపు గురిమీదికి రైఫిలు కాల్చువారు అరచేతిలో ఇముడు గణనయంత్రమును పెట్టుకొని కాల్చుచున్నారు. గుండు బరువు, వేగము, గాలి వేడిమి, ఒత్తిడి చెప్పినచో గొట్టమును ఎంత పైకెత్తవలెనో, ఎంత ప్రక్కకు జరుపవలెనో ఆ యంత్రము క్షణములో చెప్పును. అట్టివి ఎన్నో అంగళ్ళలో నున్నవి. చేతి ఫోనులోనే పనిచేయునవి మఱికొన్ని. వీనిలో దేనిని ఎన్నుకొనవలెనని గురికాండ్రు గంటలకొలది వాదించుకొందురు. ఆ వాదమునకు ఇంచుమించు ఐదువందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో ముఖ్యుడైన ఒకడు మన సముద్రతీరముననే కన్ను మూసినాడు. ఆ కథను కొంత విస్తరించి చెప్పుట మా ఉద్దేశము.

పల్నాడన్నంతనే మనకు యుద్ధము జ్ఞాపకము వచ్చును. పండ్రెండవ శతాబ్దమున కారెంపూడి కడ జరిగిన ఆ రణమున దూరపు లెక్కలతో పని లేకపోయెను. నేటికిని ఏటేట వీరుల యుత్సవమునకు వంశములవారు తెచ్చెడు కొణతములను చూచినచో ఆ సంగతి తెలియును. అవి చేతి పొడవునకు పొడిగింపులు. ఎదిరివాని కన్నులు కనిపించునంత దూరములో జరిగిన పోరు అది. శ్రీనాథుని పేర వెలసిన పల్నాటి వీరచరిత్ర మనకు చూపెడు యుద్ధమును అదియే. ఆ శ్రీనాథుడు విద్యాధికారిగా నుండిన కొండవీడు నేటి పల్నాడు జిల్లాలోనే యున్నది. ఆ కోట గోడలు మాత్రము మఱియొక కాలమును చూడవలసి వచ్చెను. 1515లో కృష్ణదేవరాయల వశమై, తరువాత గోలకొండ సుల్తానుల చేతికి పోవునాటికి దక్కనులో మందుగుండు మ్రోత అలవాటైన మ్రోతయే.

మన మాటలు కూడ ఈ మార్పును దాచుకొన్నవి. తుపాకి యన్న పదము తురకదేశపు నుడి. ఫిరంగి యన్నది ఐరోపావారిని తూర్పుదేశములవారు పిలిచిన పేరు. వస్తువుతోపాటు పేరు వచ్చినది. లెక్క మాత్రము రాలేదు. వచ్చుటకు అప్పటికి ఆ ఫిరంగుల దేశములలోను సరియైన లెక్క లేదు.

ఇక్కడ చిన్న ప్రశ్న వేసికొందము. గొట్టమును ఒక డిగ్రీ పైకెత్తిన గుండు 200 గజములు పోయినదనుకొందము. రెండు డిగ్రీలెత్తినచో 400 గజములు పోవునా? పావులూరి మల్లన తెలుగున గణితసారము రచించిన కాలమునుండి మనవారికి త్రైరాశికము కరతలామలకము. ఇంత ధాన్యమునకు ఇంత ధరయైనచో అంతకు ఎంత యని పిల్లలు సైతము చెప్పగలరు. కాని ఫిరంగిగుండు త్రైరాశికమునకు లొంగదు. మొదట లొంగినట్లే కనిపించి, ఆపైన మోసగించును. ఈ మోసమునకు కారణము కనుగొనుటకే మేధావులకు రెండువందల యేండ్లు పట్టినది.

ఇటలీదేశమున టార్టాలియా అను గణితజ్ఞుడుండెను. చిన్ననాట, 1512లో, అతని ఊరైన బ్రెష్షాను శత్రువులు దోచినప్పుడు దవడపై కత్తివేటు పడి మాట తడబడినది. ఆ తడబాటే అతనికి ఇంటిపేరైనది. 1531లో వెరోనాలో ఒక గోలందాజు అతనిని అడిగిన ప్రశ్న యిది: గొట్టమును ఎంత యెత్తినచో గుండు మిక్కిలి దూరము పోవును? 45 డిగ్రీలని అతడు తేల్చెను. 1537లో అచ్చువేసిన గ్రంథమున ఒక సాధనమును కూడ వర్ణించెను. మన వడ్రంగుల మూలమట్టమును తలచుకొనినచో అది సులభముగా బోధపడును. దాని పొడుగు చేయిని ఫిరంగి నోటిలోనికి దూర్తురు. మూలనుండి తూకపుగుండు వ్రేలాడును. రెండు చేతుల నడుమనున్న వంపుపట్టె మీద గీతలు. దారము ఏ గీతమీద నిలిచినచో అదియే ఎత్తు. గురికాని చేతికి వచ్చిన మొదటి లెక్కసాధనములలో నిది యొకటి. టార్టాలియాను గూర్చి మనము ఇంకొక మాట చెప్పుకొనవలెను. మనుష్యులను చంపు విద్యకు మెఱుగులు దిద్దుచున్నానని అతనికి మనసున పశ్చాత్తాపము కలిగి, వ్రాసిన కాగితములను తగులబెట్టెను. తరువాత తురకల దండయాత్ర భయము వచ్చినప్పుడు మనసు మార్చుకొని మఱల వ్రాసి ప్రకటించెను. ఆ సంకోచమును, దానిని విడుచుటను, రెంటిని అతడే తన గ్రంథమున చెప్పుకొనెను. గోలందాజుల గ్రంథములలో ఇట్టి మాట మఱల వినుట కష్టము.

తరువాతి వాడు గెలీలియో. దూరదర్శినికి పూర్వమే, 1597 ప్రాంతమున, రెండు పలకలను ఒక కీలుతో కలిపి గీతలు చెక్కిన ఒక కొలకోలను అతడు తీర్చి అమ్మించెడివాడు. గుండు వ్యాసమునుబట్టి బరువు, ఇనుపగుండునుండి సీసపుగుండునకు మార్పు, ఇట్టివి దానితో సులువుగా తేలెడివి. దాని వాడుకను తెలుపు చిన్నపుస్తకమును 1606లో కొలది ప్రతులు మాత్రమే అచ్చువేయించెను. సాధనము కొనినవానికే పుస్తకము. వ్యాపారపు తెలివి గూడ ఆ మహానుభావునికి తక్కువ కాదు. 1638 నాటి గొప్ప గ్రంథమున అతడు విసరిన వస్తువు నడిచెడు బాట పరవలయమని నిరూపించి, డిగ్రీ డిగ్రీకి దూరములు పట్టికలుగా గట్టెను. గాలి అడ్డుకొనును గదా యన్న శంక అతనికి లేకపోలేదు. లెక్కకు లొంగనిదని దానిని ప్రక్కకు పెట్టెను.

ప్రక్కకు పెట్టినది ప్రక్కన ఊరకుండలేదు. గెలీలియో శిష్యుడు టొరిచెల్లి ఆ పట్టికలను ఇంకను చక్కగా తీర్చెను. 1647లో జెనోవా నగరమునుండి రెనియేరి యన్న యొకడు వ్రాసెను: మీ పట్టికలు పట్టుకొని ఫిరంగులు కాల్చి చూచితిమి, గుండ్లు మీరు చెప్పినచోట పడలేదు. టొరిచెల్లి సమాధానపు సారాంశమేమనగా, తాను తత్త్వవేత్తల కొఱకు వ్రాసెనే గాని గోలందాజుల కొఱకు కాదని. ఈ సమాధానమును మేము ఎన్నిసార్లు తలచుకొనినను నవ్వు వచ్చును. కాని లెక్క తప్పదు, గుండే తప్పినదని తలచుట ఆ ఒక్కనితో పోలేదు. కొత్త యంత్రము కొని, దాని తెరమీది అంకెకు గురి తప్పినప్పుడు తుపాకిని నిందించెడివారు నేటికిని ఆ వంశమువారే.

1687వ సంవత్సరమును మనము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఆ యేట ఔరంగజేబు గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించెను. కోటమీది ఫిరంగులు మొగలు సేనను చీల్చి చెండాడినవి. మొగలులు త్రవ్విన సొరంగములలోని మందు వారి సైనికులమీదికే ప్రేలెను. పెట్లబురుజు మీద నేటికిని చూపెడు ఫతే రాహబర్ ఫిరంగి ఆ కాలపు పోతపనివాని నేర్పునకు సాక్ష్యము. తుదకు సెప్టెంబరులో కోట పడినది ఫిరంగి లెక్కవలన కాదు. లంచమునకు లొంగినవాడు రాత్రివేళ తలుపు తీయుటవలన. కొండవీటిసీమ కూడ దానితో ఢిల్లీ ఏలుబడిలోనికి పోయెను. సరిగా ఆ వేసవిలోనే లండనులో న్యూటను మహాగ్రంథము అచ్చుపడి వెలువడెను. గాలి వస్తువును ఎట్లు నిరోధించునో, వేగము రెట్టింపైనచో నిరోధము నాలుగింతలగుననియు ఆ గ్రంథపు రెండవ భాగమున విచారింపబడెను. ఇక్కడ ఫిరంగులు పోతపోసిన చేతులు, అక్కడ గాలిని తూచిన బుద్ధి. రెండింటికిని అప్పటికి పరిచయము కాలేదు.

పరిచయము చేసినవాడు బెంజమిన్ రాబిన్సు. 1707లో బాత్ పట్టణమున క్వేకర్ల ఇంట పుట్టెను. యుద్ధమే పాపమని నమ్మెడి మతమువారి ఇంట పుట్టినవాడు ఫిరంగిశాస్త్రమునకు ఆచార్యుడగుట విధివిలాసము. 1742లో అతడు ప్రకటించిన గ్రంథము చిన్నది. దానిలోని సాధనము మఱింత సామాన్యమైనది. మూడు కాళ్ళ పందిరినుండి ఇనుపకమ్మికి ఇంచుమించు పాతిక కిలోల బరువు దిమ్మె వ్రేలాడుచుండును. ముందువైపు మందపు చెక్క. దానిలోనికి తుపాకి కాల్చుదురు. సీసపుగుండు చెక్కలో దిగబడును, దిమ్మె ఉయ్యాలవలె వెనుకకు ఊగును. క్రింద కట్టిన రిబ్బను ఎంత పొడవు లాగబడినదో చూచినచో ఊపు తెలియును. ఊపునుండి గుండు వేగము తేలును. అందఱిండ్లలోను ఉయ్యాల యున్నది. పరుగున వచ్చి ఎక్కిన పిల్లవాడు ఎంత వేగముగా వచ్చెనో ఉయ్యాల ఊగిన దూరమునుబట్టి చెప్పవచ్చునన్నది ఇందలి యుక్తి. అంతవఱకు లోకములో ఎవరును తుపాకిగుండు వేగమును నమ్మదగినట్లు కొలిచియుండలేదు. అందఱును ఊహించిరి. ఊహమీద పట్టికలు గట్టిరి.

రాబిన్సు తుపాకికి దగ్గరగా ఒకసారి, దూరముగా మఱియొకసారి దిమ్మెను నిలిపి కాల్చి చూచెను. రెండు వేగములకు గల భేదము గాలి తినివేసినదన్నమాట. ముప్పాతిక అంగుళపు సీసపుగుండు సెకనుకు సుమారు 1,700 అడుగుల వేగముతో పోవుచున్నప్పుడు గాలి దానిని వెనుకకు నెట్టు బలము గుండు బరువునకు ఇంచుమించు 120 రెట్లు! గాలి యన్నది తేలిక వస్తువని, దానిని లెక్కలోనికి తీయనక్కరలేదని తలచినవారికి ఈ అంకె పిడుగువంటిది. పరవలయపు లెక్క చొప్పున ఆ గుండు 17 మైళ్ళు పోవలెను. నిజముగా మైలైనను దాటదు. శబ్దవేగమును సమీపించునప్పుడు నిరోధము ఒక్కసారిగా పెరుగుననియు అతడే కనిపెట్టెను. జర్మనీలో ఆయిలరు మహాశయుడు 1745లో ఆ చిన్న గ్రంథమును అనువదించి, దానికి మూలముకన్న ఎన్నోరెట్లు పెద్దదైన వ్యాఖ్య తగిలించెను. రాయల్ సొసైటీవారు 1746లో కోప్లే పతకమిచ్చిరి.

ఇంతటివాడు మన వైపు ఎట్లు వచ్చెను? ఫ్రెంచివారి యుద్ధములో చెన్నపట్టణమును పోగొట్టుకొని, 1749లో తిరిగి సంపాదించుకొన్న ఇంగ్లీషు కంపెనీవారు తమ కోటలు మఱల కట్టించుటకు అతనిని ప్రధాన ఇంజనీరుగా నియమించిరి. 1750 జూలైలో అతడు కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోట చేరెను. అప్పటికి కోరమండల తీరమున కంపెనీవారి ముఖ్యస్థానము అదియే. మన వేడిమి అతనికి పడలేదు. జ్వరము పట్టినది. ఒక్క సంవత్సరము గడచునంతలో, 1751 జూలై 29వ తేదీన, నలుబది నాలుగేండ్ల ప్రాయమున ఆ కోటలోనే మరణించెను. గాలి నిరోధమును తూచినవాడు ఇంగ్లండు చలిలో తూచెను. వడగాడ్పుల దేశపు గాలిని తూచుటకు ఆయువు చాలలేదు.

అతడు పోయిన ఆఱేండ్లకు, 1757 జనవరి 24వ తేదీన, బుస్సీ ఫిరంగులు బొబ్బిలి బురుజులను బద్దలు కొట్టినవి. 1759లో ఫోర్డు మచిలీపట్టణపు కోటను పట్టుకొనెను. ఆ యుద్ధముల గూర్చి మన కథలు, పాటలు చెప్పవలసినంత చెప్పినవి. మన విషయమునకు కావలసినది ఒక్కటి: అప్పటి ఫిరంగి కంటికి కనబడు గోడను కొట్టెడిది. గోలందాజునకు అనుభవమే పట్టిక. రాబిన్సు గ్రంథము వాని మూటలో ఉండవలసిన అవసరము కలుగలేదు. ఇదియే బహుశః ఆ గ్రంథము యుద్ధభూమికి చేరుటలో ఆలస్యమునకు కారణము కావచ్చును.

అవసరము కల్పించినది రైఫిలు. గొట్టము లోపల మరచుట్టుగా గాడులు చెక్కి, గుండును బొంగరమువలె తిరుగునట్లు చేసి, గుండ్రని గుండునకు బదులు కోలగుండును వాడుకలోనికి తెచ్చిరి. దూరములు ఒక్కసారిగా పెరిగినవి. 1860 జూలైలో వింబుల్డను మైదానమున మొదటి పోటీని విక్టోరియా రాణి ప్రారంభించెను. ఒక ఆధారమునకు బిగించిన విట్‌వర్త్ రైఫిలునకు కట్టిన త్రాటిని ఆమె లాగగా 400 గజముల దూరమున గుండు గురి నడిమికి ఒక అంగుళము పావు దూరములో తగిలినది. రాణికి లెక్కతో పనిలేదు. లెక్క అంతకుముందే బిగించినవాడు చేసియుంచినాడు. కొలది యేండ్లలో 1000 గజముల పోటీలు వెలసినవి. యుద్ధముతో నిమిత్తము లేక, కాగితముమీది నల్లచుక్క కొఱకే ఈ లెక్క కావలసినవారు అప్పుడు పుట్టిరి.

రాబిన్సు ఉయ్యాలకు మాఱుగా విద్యుత్తు వచ్చెను. 1860ల నడుమ ఇంగ్లండున బాష్‌ఫర్తు వరుసగా తెరలు నిలిపి, గుండు ఒక్కొక్క తెర దారమును త్రెంచిన క్షణమును విద్యుత్తుచే గుర్తింపజేసెను. జర్మనీలో క్రుప్పువారు, రష్యాలో మయేవ్‌స్కీ, ఫ్రాన్సులో గావ్‌ర్ సంఘమువారు ఇట్టి ప్రయోగములే చేసిరి. ఇటలీలో సియాచ్చి 1880 ప్రాంతమున, నెలల పనిని గంటలలోనికి దించు ఉపాయము కనిపెట్టెను. అందఱి శ్రమలోనుండి గురికానికి మిగిలిన ఊత ఒకటి: ప్రమాణపు గుండు. ఒక నిర్ణీతమైన ఆకారముగల గుండునకు గాలి నిరోధమును అన్ని వేగములలోను కొలిచి పట్టిక గట్టుదురు. మన గుండు దానికన్న గాలిని ఎంత బాగుగా కోయునో తెలుపు ఒకే ఒక అంకెను బాలిస్టిక్ గుణకమందురు. ఆ అంకెను పట్టికతో కలిపినచో మన గుండు బాట తెలియును. ఇప్పటి యంత్రములలో జీ1 అని కనిపించునది క్రుప్పు కాలపు పొట్టి గుండు ఆకారము. జీ7 అన్నది వెనుకభాగము సన్నగిల్లిన నేటి పొడుగు గుండు ఆకారము. ఒకదాని గుణకమును మఱియొకదాని పట్టికలో వేసినచో అంకె వచ్చును గాని అది తప్పుటంకె. కుంచముతో కొలిచి మానిక లెక్క చెప్పినట్లు.

ఇరువదవ శతాబ్దపు కథను త్వరగా ముగింతము. 1918లో జర్మనులు పారిసును 120 కిలోమీటర్ల దూరమునుండి కొట్టినప్పుడు భూమి వంపును, భూమి తిరుగుడును సైతము లెక్కలోనికి తీయవలసి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమునకు పట్టికలు చాలలేదు. ఒక్క గుండు బాటను లెక్కమరపై కూర్చి తేల్చుటకు ఒక మనిషికి ఇరువది గంటలు పట్టుచుండెను. ఆ పని చేసినవారిలో మిక్కిలిమంది గణితము చదివిన యువతులు. వారి భారము తగ్గించుటకే ఎనియాక్ అను ఎలక్ట్రానిక్ గణనయంత్రము కట్టబడెను. 1946 ఫిబ్రవరిలో దానిని లోకమునకు చూపినప్పుడు అదే లెక్కను అర నిమిషములో ముగించెను. గుండు నేల చేరుటకన్న ముందే లెక్క ముగిసినదని చూచినవారు ఆశ్చర్యపడిరి. నేడు మన ఇండ్లలోని కంప్యూటర్ల వంశవృక్షములో ఒక ముఖ్యమైన వేరు ఫిరంగి పట్టికలలో నున్నదన్నమాట.

ఇప్పుడు అరచేతి యంత్రమునకు వత్తము. అది చేయు కూడికలు, గుణకారములు తప్పవు. ఈ విషయమున ఖరీదైన యంత్రమునకు, ఉచితమైనదానికి భేదము తక్కువ. భేదమంతయు మనము దానికి చెప్పు అంకెలలో నున్నది. ఒక లెక్క చూతము. 7.62 మిల్లీమీటర్ల గుండు, 11 గ్రాముల బరువు, సెకనుకు 800 మీటర్ల వేగముతో బయలుదేరి 1000 గజములు, అనగా 914 మీటర్లు, చేరుటకు ఒకటిన్నర సెకనుకు పైగా పట్టును. ఆ లోపల అది సుమారు 10 మీటర్లు, మూడంతస్తుల మేడయెత్తు, క్రిందికి దిగును. బయలుదేరు వేగము 800 అని పెట్టెమీద అచ్చువేసియున్నది. మన తుపాకి గొట్టములో అది 790 ఐనచో? గుండు ఇంకొక జానెడు క్రింద పడును. యంత్రమునకు ఈ సంగతి తెలియదు. దానికి తెలియజెప్పుటకు రాబిన్సు చేసిన పనినే మనము చేయవలెను: మన తుపాకినుండి మన తూటా వేగమును మనమే కొలవవలెను. ఇప్పుడు ఉయ్యాల అక్కరలేదు. క్రోనోగ్రాఫు అను చిన్న పరికరములు వచ్చినవి.

తరువాత గాలి. యంత్రములలో మనము మార్చకున్నచో సాధారణముగా ఉండునది 15 డిగ్రీల వేడిమిలో, సముద్రమట్టమునగల గాలి. రెంటచింతల వారికి ఈ మాట చెప్పినచో నవ్వుదురు. గురజాల సమీపమున నున్న ఆ ఊరు ఏటేట వేసవిలో ఆంధ్రదేశమంతటికిని వేడిమి వార్తలలో ముందు నిలుచునదే. 45 డిగ్రీల ఎండలో గాలి పలుచబడును. 15 డిగ్రీల గాలికన్న బరువు సుమారు పదియవ వంతు తగ్గును. గాలి పలుచనైనచో గుండు తక్కువ నెమ్మదించును, తక్కువ దిగును. 1000 గజముల దూరమున గుండు అర మీటరుకు పైగా ఎత్తున తగులును. చల్లని దేశపు పట్టికతో పల్నాటి వేసవిలో కాల్చినవాడు గురికి పైగానున్న మట్టికట్టను మాత్రమే కొట్టును. ఎండలో కాగిన తూటాలోని మందు మఱింత చుఱుకుగా మండి వేగమును పెంచును గనుక తప్పు ఇంకను పెరుగును. కావున ఎన్నుకొనెడి సాధనము వేడిమిని, గాలి ఒత్తిడిని ఉన్నచోటనే కొలిచి తీసికొనునదై యుండుట మంచిది. కెస్ట్రెల్ వంటి చేతిమరలు ఆ పనిని చేయుచున్నవి, ధర హెచ్చు. వేఱుగా ఒక మామూలు ఉష్ణమాపకమును, ఒత్తిడిమాపకమును పెట్టుకొని అంకెలు చేతితో వేసికొనినను లెక్క అదే వచ్చును. ఇక్కడ ఒక హెచ్చరిక. వాతావరణవార్తలో చెప్పెడు ఒత్తిడి సముద్రమట్టమునకు సరిచేసినది. ఊరి యెత్తున నిజముగా నున్న ఒత్తిడి వేఱు. ఈ రెంటిని కలిపివేసి తికమకపడినవారు అనేకులు.

ఇక అడ్డగాలి. ఇక్కడ యంత్రము గర్వమంతయు అణగిపోవును. సెకనుకు ఒక్క మీటరు వేగముతో ప్రక్కనుండి వీచు పిల్లగాలి, చెంపకు తెలిసియు తెలియని గాలి, మనము చెప్పుకొన్న గుండును 1000 గజములలో ఇంచుమించు అర మీటరు ప్రక్కకు నెట్టును. యంత్రము సెంటిమీటరు వఱకు లెక్క చెప్పుచుండగా, మనము దానికి చెప్పు గాలి అర మీటరు తప్పునకు తావిచ్చుచున్నది. మన చేతిలోని గాలిమర మనము నిలుచున్నచోటి గాలినే కొలుచును. నడుమ దారిలోని గాలిని ఎవరు చెప్పవలెను? దూరపు గురికాండ్రు దానికి వాడెడు సాధనమును విన్నచో పల్నాటివారికి వింతగా తోచును. అది ఎండమావి. దుర్భిణితో చూచినచో నేలపై అలలవలె కదలు ఆ వేడిమి పొరలు గాలి వీచు దిక్కునకు ఒరిగి పారుచుండును. మెల్లని గాలికి వంగి నడచును. గాలి హెచ్చినకొలది అడ్డముగా సాగును. గాలి నిలిచిపోయినప్పుడో, ఎదురుగానో వెనుకనుండియో వీచునప్పుడో కాగు పాలవలె నిట్టనిలువుగా పొంగును. మన కవులకు భ్రాంతికి మాఱుపేరైన ఎండమావి గురికానికి నమ్మదగిన సాక్షి యైనది. నాపరాళ్ళ నేలలున్న మాచర్ల వైపు వేసవి మధ్యాహ్నమున దీనికి కొదువ లేదు.

మన దేశపు పోటీలలో పెక్కు 10, 25, 50 మీటర్ల దూరములలోనివి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్కులలో కంచుపతకము గెలిచినది 10 మీటర్ల గాలితుపాకి పోటీలో. ఆ దూరమునకు ఇట్టి యంత్రము పని లేదు. శ్వాస, చేయి, వ్రేలు, ఇవియే లెక్క. 300 మీటర్ల పెద్ద రైఫిలు పోటీ మొదలు దూరము పెరిగినకొలది యంత్రమునకు చోటు కలుగును. అట్టి దూరములలో చట్టప్రకారము అనుమతిగల మైదానములలో సాధన చేయువారు మా అభిప్రాయమడిగినచో ఈ వరుస చెప్పుదుము. ముందు వేగమును కొలుచు క్రోనోగ్రాఫు. తరువాత వేడిమి, ఒత్తిడి చెప్పు పరికరములు. ఆపైన జీ7 పట్టికను ఒప్పుకొనునదియు, మన కొలతలను మార్చి వేసికొననిచ్చునదియు, కాల్చిన ఫలితమునుబట్టి తన అంకెలను దిద్దుకొననిచ్చునదియు నైన ఏ గణనసాధనమైనను చాలును. బ్యాటరీ ఎండకు వేడెక్కి ఆగిపోయినప్పటికై అందులోనుండి ఎత్తి వ్రాసికొన్న కాగితపు పట్టిక జేబులో నుండవలెను. కొనవలసిన ధనము తక్కువైనచో యంత్రములో తగ్గించుకొని, తూటాలలో పెట్టవలెను.

వీటన్నిటికన్న ముందు ఒక నోటుపుస్తకము. తేదీ, వేళ, వేడిమి, గాలి, యంత్రము చెప్పిన ఎత్తు, గుండు నిజముగా తగిలిన చోటు. తగులనప్పుడు మట్టి లేచిన చోటు. మంచె మీది కుఱ్ఱవాడు ఈ పుస్తకమును తలలో వ్రాసికొనెడివాడు. వాని దూరము నూఱు గజములలోపుది గనుక తల చాలినది.